చేయి నిలువని ఆట

నలోపాఖ్యానము చెప్పుచుండగా వెనుకబల్లపై ఒక విద్యార్థి నిద్రించుచుండెను. అందఱియెదుట నిలిపి మందలించితిమి. మరునాటినుండి అతడు బడికి రాలేదు. వారము గడచినపిదప వారి యింటికి పోతిమి.

“రాత్రంతా ఫోన్లో ఆడతానే ఉంటాడు, అయివారూ! పోపులడబ్బాలో దాచిన దుడ్డంతా దాన్లోనే పోగొట్టినాడు” అని తల్లి కంట తడిపెట్టెను.

“మానాలనే ఉంది సార్, చెయ్యి నిలవదు” అని బాలుడు తల వంచెను.

మేము సిగ్గుపడితిమి. పుస్తకములోని నలునికై జాలిపడిన మేము ఎదుటనున్న నలుని గుర్తింపమైతిమి!

మన పూర్వులు మద్యపానముతోపాటు జూదమును, వేటను గూడ సప్తవ్యసనములలో చేర్చిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2019లో జూదవ్యసనమును, ఆటల వ్యసనమును మాదకద్రవ్య వ్యసనముల సరసనే రుగ్మతలుగా చేర్చెను. చదువు, నిద్ర చెడుచున్నను ఆపలేకుండుటయే దాని గుర్తు. ఆటపై మనసు పోవు వేళను, దాని వెనుకనున్న దిగులును కనిపెట్టి, ఆ వేళకు వేఱొక పని అలవరచుటయే చికిత్స. మన హోసూరునకు చేరువనే బెంగుళూరు నిమ్హాన్సులో 2014 నుండి ఇందుకై ప్రత్యేక చికిత్సాలయము కలదు. 14416కు ఫోనుచేసి తెలుగులోనే చెప్పుకొనవచ్చును.

బాలుడు మరల బడికి వచ్చుచున్నాడు. కొన్ని రాత్రులు ఇంకను ఓడుచున్నాడు. కాని ఉదయమే వచ్చి దాచక చెప్పుచున్నాడు. తల్లిదండ్రులారా, శిక్షించుటకు ముందు మీ బిడ్డ మాట వినుడు.