ఊరు కదల్లేదు, దారే తెగింది

శబరి నది ఒడ్డున ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న కుంట అంగుళం కదల్లేదు. చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. 1998 దాకా బస్తర్ జిల్లా, తర్వాత దంతెవాడ, 2012 నుంచి సుక్మా. మధ్యలో, 2000 నవంబరు 1న రాష్ట్రమే మారింది: మధ్యప్రదేశ్ పోయి ఛత్తీస్‌గఢ్ వచ్చింది. అయినా ఉత్తరంపై పాత జిల్లా పేరుంటే, ఊరెక్కడో తెలిసిన పోస్ట్‌మ్యాన్ సర్దుకుంటాడు.

ఇంటర్నెట్‌కు అంత ఓపిక లేదు. వెబ్‌సైట్ కొత్త చిరునామాకు మారితే పాత లింకు నొక్కినవారికి దక్కేది '404'. సమాచారం భద్రంగానే ఉండొచ్చు, తెగింది దారి. పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి పంపే '301' సూచన రాసిపెడితే సరిపోతుంది. కొత్త సైటు ప్రారంభించే హడావుడిలో మరిచిపోయేదీ అదే.

దెబ్బ తగిలేది వికీపీడియా లాంటి స్వచ్ఛంద ప్రయత్నాలకు. బస్తర్ గురించి అక్కడ రాసిన వాక్యానికి ఆధారం లింకే. అది తెగితే నిజం కూడా వదంతిలా కనిపిస్తుంది. 2013 నాటి వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్లకే కనిపించకుండా పోయాయని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో తేల్చింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ తను దాచిన ప్రతులతో 2018 నాటికి వికీపీడియాలో 90 లక్షలకు పైగా లింకులను బతికించింది. అయితే ఎవరూ దాచని పేజీని అది కూడా తేలేదు.

నగరవాసికి లింకు తెగడం చిరాకు. కుంటలో ఉన్నవారికైతే, ఒక్క కాగితం కోసం సుక్మా బస్సెక్కడం.