సూక్ష్మజీవుల సేద్యము

సేద్యమనగానే మనకు పొలము, నాగలి, ఎరువు జ్ఞప్తికి వచ్చును. గాజుకుప్పెలో జరుగు సేద్యమొకటి కలదు. దాని పంట కంటికి కనరాదు. మా ఆడుబిడ్డ కుమార్తె రెండేండ్లుగా ఆ పంటకొరకే పాటుపడుచున్నది. గత వేసవిలో మూడు నెలలపాటు రాబడి చాలకపోగా, “ఈ చదువు మానిపించి పిల్లను ఇంటికి తీసికొనివచ్చుట మేలు” అని బంధువులలో మాట పుట్టినది. ఆ మాట న్యాయమో కాదో తెలియగోరి, నేనామెను చెంత కూర్చుండబెట్టుకొని సంగతియంతయు చెప్పించుకొంటిని.

మన ప్రేగులలో ఇ. కోలై అను సూక్ష్మజీవి నివసించును. 1885లో థియోడర్ ఎషరిక్ అను జర్మను వైద్యుడు దీనిని కనుగొనెను. ఇట్టి జీవులు కొన్నింటిలో, వాని ముఖ్యమైన డి.ఎన్.ఎ. గాక, గాజువలె గుండ్రముగా నుండు చిన్న డి.ఎన్.ఎ. తునకలుండును. 1952లో జాషువా లెడర్‌బర్గ్ వీనికి ప్లాస్మిడ్లని పేరిడెను. మనకు వలసిన జన్యువును ఆ వలయములో కూర్చి సూక్ష్మజీవికి అప్పగించినచో, అది తాను పెరుగుచు వలయమునుగూడ పెంచును.

దీని ప్రయోజనమేమందురా? 2021 ఆగస్టులో మన దేశమున అత్యవసర అనుమతి పొందిన జైకోవ్-డి అను కోవిడ్ టీకా ప్లాస్మిడ్‌తో చేసినదే. మనుష్యులకొరకు అనుమతి పొందిన డి.ఎన్.ఎ. టీకాలలో ప్రపంచమున అదియే మొదటిది. మోతాదొకటికి 2 మిల్లిగ్రాములు కావలెను. పరిశోధనశాలలో 5 మిల్లిలీటర్ల ద్రవమునుండి లభించునదో, కొన్ని పదుల మైక్రోగ్రాములు మాత్రమే. వేయి మైక్రోగ్రాములైనగాని యొక మిల్లిగ్రాము కాదు. ఇక రాబడి విలువ వేరుగ చెప్పనేల?

“ద్రవము చిక్కగానే యున్నది గదమ్మా, పంట యేల లేదు?” అని అడిగితిని. “అత్తయ్యా, చిక్కదనము వేరు, ప్లాస్మిడ్ వేరు” అని ఆమె చెప్పినది. వలయమును మోయుట సూక్ష్మజీవికి బరువు. బరువు జారవిడిచినది వడిగా పెరుగును. 37 డిగ్రీల వెచ్చదనమున ఇరువది నిమిషములకొకమారు రెండింతలు కాగల జాతిలో, చిన్న తేడాయే తెల్లవారునప్పటికి పెద్దదగును. అందులకే వలయములో మందును తట్టుకొను జన్యువునుంచి, ద్రవములో ఆంపిసిల్లిన్ కలుపుదురు. వలయము లేనివి నశించును. అయినను వలయము గలవి ఆ మందును విరిచివేయు ద్రవ్యమును బయటికి విడుచుటచే, కొంతసేపటికి మందు సన్నగిల్లి, లేనివియు బ్రదుకును. కావున నిలువయున్న పాత ద్రవమును తోడు వేయరాదు. పళ్లెముపై క్రొత్తగా మొలిచిన ఒంటి కాలనీనుండియే తీయవలెను. పాత తోడుతో పెరుగు చెడునని మనకును తెలిసినదే.

గాలి రెండవది. కుప్పెలో అయిదవవంతుకు మించి ద్రవము పోయక, ఎడతెగక కదలించుచుండవలెను. ఆహారము మూడవది. ఈస్టు సారము, గ్లిసరాలు గల పుష్టికరమైన ద్రవము మేలు. గ్లూకోజు మితిమీరినచో పులుపు పుట్టి పెరుగుదల కుంటుపడును. పండ్రెండు మొదలు పదునారు గంటలలో కోతకోయవలెను. ఇక విత్తనపు రకము వంటిది వలయపు రకము. పి.బి.ఆర్. 322 అనునది కణమునకు ఇరువదింటి లోపుగా నుండగా, పి.యు.సి. జాతివి కొన్ని వందలుండును. పంట యెక్కువైనప్పుడు కణములను పగులగొట్టు ద్రావణములనుగూడ పెంచనిచో, సగము సరకు వానియందే చిక్కుపడి పోవును.

ఆ మూడు నెలలును ఆమె ఈ కారణములను ఒక్కొక్కటిగా పరీక్షించుచు వచ్చినది. ఒకమారు తోడు మార్చినది, ఒకమారు కుప్పె మార్చినది, ఒకమారు వేళ మార్చినది. ఒకేమారు అన్నియు మార్చినచో దోషమెచ్చటనున్నదో తెలియదు. తుదకు పనికి చాలినంత పంట చేతికి వచ్చినది. కనుక ఆ దినములు వ్యర్థములని నేనొప్పుకొనను.

ఆమె యన్న పరీక్ష రెండుమారులు తప్పినప్పుడు, మా యింట నెవరును చదువు మానుమనలేదు. “మరల కట్టుము” అనిరి. ఆడుపిల్లకు మాత్రము మూడు నెలలే గడువా? ఈ ప్రశ్న నేను పెద్దల యెదుటనే వేసితిని. ఎవరును బదులాడలేదు గాని, పిల్ల తిరిగి తన పనికి వెళ్లినది. మీ యింటను ఇట్టి బాలిక యున్నచో, ఆమెను రప్పించుటకు ముందు, పని యెచ్చట నాగినదో ఆమె నోటనే అడిగి వినుడు.