దరువు తగ్గితేనే మాట వినబడేది

కారులో సబ్‌వూఫర్ పెట్టించుకున్న కుర్రాడికి మొదటి వారమంతా సంబరమే. తలుపులు అదురుతాయి, నంబరు ప్లేటు గలగలమంటుంది. రెండో వారంలో గుడికో పెళ్లికో వెళ్తూ వెనక సీట్లో కూర్చున్న అమ్మమ్మ ‘ఏటి పాడతన్నాడ్రా’ అని అడిగితే అతని దగ్గర జవాబుండదు. అతనికీ వినబడలేదు మరి.

టాటానగర్ స్టేషన్ పక్కనున్న బాగ్‌బేరా లాంటి చోట ఈ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. ఉక్కు కర్మాగారం, రైల్వే ఇచ్చిన ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్‌లకు తరలిపోయిన కుటుంబాలెన్నో. జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ మొదలైంది 1912లో. అక్కడ పుట్టి పెరిగిన మూడో తరానికి బడిలోనూ బజారులోనూ హిందీయే. తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు కూడబలుక్కోవాల్సిందే. అలాంటివారికి భాష చేరే దారి చెవి ఒక్కటే. అందులో సినిమా పాటది పెద్ద వాటా.

మనిషి చెవికి అందేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. అచ్చుల బలం చాలావరకు 1,000 హెర్ట్జ్ లోపే ఉంటుంది. సకారాన్ని శకారం నుంచి, తకారాన్ని కకారం నుంచి వేరు చేసే ఆనవాళ్లు 2,000 దాటాకే ఎక్కువ. పైగా పెద్ద మంద్ర ధ్వని తనకన్నా పై ధ్వనులను కప్పేస్తుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కనుక ఆ హోరులోనూ రాగం అందుతుంది, హల్లు మాత్రం చిక్కదు.

క్రాసోవర్ చేసేది పని పంపకం. హైపాస్ ఫిల్టర్ మంద్ర ధ్వనులను ఆపి పైవాటిని వదులుతుంది, లోపాస్ అందుకు తలకిందులు. సబ్‌కు 80 హెర్ట్జ్ దగ్గర లోపాస్, తలుపుల్లోని ఆరున్నర అంగుళాల స్పీకర్లకు అక్కడే హైపాస్ పెట్టడం మంచి ఆరంభం. 4 అంగుళాలవైతే 100 నుంచి 120. ట్వీటర్ సుమారు 3,000 నుంచి అందుకుంటుంది. ఫిల్టర్ గోడ కాదు, వాలు. ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ వాలున్న హైపాస్‌ను 80 దగ్గర పెడితే, 40 హెర్ట్జ్ వద్ద తలుపు స్పీకర్‌కు చేరేది దాదాపు పదహారో వంతు పవరే. ఆ బరువు దిగాకే చిన్న స్పీకర్ గొంతును శుభ్రంగా పలుకుతుంది. స్టీరియోలోనూ ఆంప్లిఫయర్‌లోనూ రెండు చోట్లా ఫిల్టర్ వేస్తే వాలు రెట్టింపవుతుంది. తెలిసి చేస్తే ఫరవాలేదు. నాబ్ చుట్టూ అచ్చేసిన అంకెలు మాత్రం ఉజ్జాయింపే. (పెట్టె మీది వేల వాట్ల పీఎంపీఓ అంకెలు ఆపాటి కూడా కావు.)

అసలు చిక్కు గెయిన్‌తోనే. దాన్ని రెండో వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. స్టీరియో పంపే సిగ్నల్‌కూ ఆంప్లిఫయర్‌కూ పొత్తు కుదర్చడమే దాని పని. మితిమీరితే తరంగం తల తెగుతుంది, ట్వీటర్ మీద అదనపు వేడి పడుతుంది. ట్వీటర్ మాడిందంటే తప్పు తరచూ గెయిన్‌దే, నింద మాత్రం స్పీకర్‌ది.

ఇంట్లో చవకరకం మల్టీమీటరున్నా చాలు. బాస్ బూస్ట్ సున్నా చేసి, గెయిన్ పూర్తిగా దించి, స్టీరియో వాల్యూమ్ ముప్పావుకు పెట్టాలి. స్పీకర్ వైర్లు విప్పి, తలుపు స్పీకర్ల చానెల్‌కు 1,000 హెర్ట్జ్, సబ్ చానెల్‌కు 50 హెర్ట్జ్ టోన్ వేసి, ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టులు చూడాలి. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 50 వాట్లు కావాలంటే 50ని 4తో గుణించి వర్గమూలం తీస్తే చాలు, 14.1 వోల్టులు. మీటర్ ఆ అంకె చూపగానే గెయిన్ ఆపేయాలి.

వైర్లు తిరిగి బిగించాక మొదట సబ్ ఆపేసి తలుపు స్పీకర్లు, ట్వీటర్లతోనే గొంతు ముందుండే పాత పాట ఒకటి వినాలి. పదం పదం తెలిశాకే సబ్ వేసి, డ్రైవర్ సీట్లో కూర్చుని ఫేజ్ మీటను అటూ ఇటూ మార్చి చూడాలి. ఏ వైపున బాస్ నిండుగా ఉంటే అదే సరైనది. షాపు ముందు ఆగి ఉన్న కారులో కుదిర్చిన బాస్ రోడ్డెక్కితే సన్నగిల్లుతుంది, టైర్ల మోత దాన్ని మింగేస్తుంది. కాబట్టి చివరి సర్దుబాటు బండి నడుస్తుండగానే, పక్క సీట్లోని మనిషి చేతుల మీదుగా జరగాలి.