తూత్తుకుడి రేవులో దిద్దుకున్న తప్పు

తూత్తుకుడి పాత రేవుకు తెల్లవారుజామున వెళ్ళినవారికి సముద్రం కంటే ముందు ఉల్లిపాయల వాసన ఎదురవుతుంది. ఆ తరువాత గట్టు పొడవునా పేర్చిన సరుకు కనిపిస్తుంది. బియ్యం, పప్పుల బస్తాలు, కోడిగుడ్ల అట్టపెట్టెలు, అరటిగెలలు, సిమెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, బిందెలు, చీపురుకట్టలు, బడిపిల్లల నోటు పుస్తకాలు. ఒక పెద్ద ఊరిలోని అంగళ్ళన్నీ కదలి వచ్చి నీటి ఒడ్డున నిలబడ్డాయా అనిపిస్తుంది. వాటి వెనుక, తాళ్ళతో గట్టుకు కట్టిన కర్ర ఓడలు అలలకు మెల్లగా ఊగుతుంటాయి. తమిళులు వాటిని తోణి అంటారు. ఒకప్పుడు మన కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలలో కట్టిన దోనెలకు ఇవి దాయాదులు.

2023 ఫిబ్రవరిలో నేను ఆ రేవుకు వెళ్ళింది విహారానికి కాదు; నేను చేసిన తప్పు ఒకటి దిద్దుకోవడానికి.

మా బావగారు గుంటూరులో మిర్చి వ్యాపారి. తూత్తుకుడిలోని ఒక ఏజెంటు ద్వారా ఆయన 50 టిక్కీల మిర్చి మాల్దీవుల రాజధాని మాలేకు పంపించారు. కొన్నాళ్ళకు ఆ ఏజెంటు వద్దనుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. కన్యాకుమారి దాటిన తరువాత ఓడ పెనుగాలిలో చిక్కుకున్నదనీ, 'జనరల్ యావరేజ్' ప్రకటించారనీ, తమ వంతు చెల్లించనిదే సరుకు విడుదల కాదనీ దాని సారాంశం. బావగారు ఫోనులో చదివి వినిపించి అర్థం అడిగారు. ఇరవై ఏళ్ళుగా అనువాదాలతో పొట్టపోసుకుంటున్నవాణ్ణి. రెండో ఆలోచన లేకుండా, "సాధారణ సగటు" అన్నాను.

"నా తేజ మిర్చిని సగటు రకం అంటారా?" అని బావగారు మండిపడ్డారు. ఆ కోపంలోనే పైసా కూడా ఇచ్చేది లేదని జవాబు రాయించారు. ఫలితంగా మిర్చి మాలే రేవులో నిలిచిపోయింది. ఆ తేమగాలిలో ఎండుమిర్చి ఎన్నాళ్ళు ఆగుతుంది? పన్నెండు రోజులు గడిచాక గాని, నా అనువాదం మీద నాకు అనుమానం కలగలేదు. ఆ రాత్రే రైలెక్కాను.

దీవులకు వెళ్ళే సంసారం

మాల్దీవులంటే సుమారు 1,200 చిన్న దీవులు. వాటిలో స్థానికులు కాపురముండేవి రెండు వందల లోపే. పగడపు దిబ్బల మీది ఇసుక నేలలో వరి పండదు, పప్పు పండదు. చేప, కొబ్బరి తప్ప తక్కినదంతా దాదాపుగా బయటినుంచి రావలసిందే. 1981లో భారతదేశంతో కుదిరిన వాణిజ్య ఒప్పందం బియ్యం, గోధుమపిండి, చక్కెర, పప్పులు, ఉల్లి, గుడ్లు మొదలైన నిత్యావసరాలు ఆ దీవులకు అందేందుకు దారి చూపింది. ఇల్లు కట్టే ఇసుక, కంకర సైతం మన దేశంనుంచే వెళతాయి. తూత్తుకుడినుంచి మాలే సుమారు 400 నాటికల్ మైళ్ళు. అంటే 700 కిలోమీటర్ల పైచిలుకు.

ఇప్పుడు ఈ వ్యాపారంలో ఎక్కువ భాగం ఇనుప కంటెయినర్లలో సాగుతోంది. 2020 సెప్టెంబరులో తూత్తుకుడి, కొచ్చిలనుంచి మాల్దీవులకు నేరుగా ఒక సరుకుల ఓడను కూడా ప్రారంభించారు. అది 200 కంటెయినర్లనూ, మూడువేల టన్నుల విడి సరుకునూ మోయగలది. కర్ర ఓడలు ఏటేటా పలచబడుతున్నాయి. అయినా, ఒక్కొక్కరిది కొద్దికొద్దిగా ఉండే చిల్లర సరుకుకు తోణి ఇంకా అక్కరకు వస్తూనే ఉంది.

ఆ ఉదయం ఒక తోణిలో సరుకు ఎక్కించడం చాలాసేపు చూశాను. అదొక విద్య. బరువైన సిమెంటు, నేలపలకల పెట్టెలు అడుగున. వాటిపైన చెక్కలు పరచి బియ్యం, పప్పు. అన్నిటికీ పైన గుడ్లు. మిర్చిని తేయాకు పక్కన పెట్టరాదు. తేయాకు ప్రతి వాసననూ లాగేసుకుంటుంది. ఉల్లికి గాలి ఆడకపోతే చెమర్చి కుళ్ళుతుంది కనుక దాని చోటు పైతట్టు మీద. బరువు ఒక పక్కకు ఒరిగితే ఓడ ఒరుగుతుంది. తండేలు గట్టుమీద నిలబడి, కళ్ళు చికిలించి, ఓడ పక్కన నీటి గీతను చూస్తూ, "ఇటు రెండు, అటు నాలుగు" అని హమాలీలకు చెబుతుంటాడు. ఒకరి సరుకు ఎక్కడ ముగిసి మరొకరిది ఎక్కడ మొదలవుతుందో లోపలికి దిగినవాడికి తెలియదు. కాగితం మీద మాత్రం ప్రతి బస్తాకూ ఒక యజమాని.

గుమాస్తా చెప్పిన పాఠం

ఏజెంటు ఆఫీసులో నెరసిన జుట్టు గుమాస్తా ఒకాయన ఉన్నారు. కోవిల్‌పట్టి దగ్గరి పల్లెటూరు. ఆ సీమలో తరతరాలుగా ఇళ్ళలో తెలుగు నిలుపుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆయనది అందులో ఒకటి. తమిళపు ఊపుతో సాగే ఆ తెలుగు వినగానే ప్రాణం లేచివచ్చింది. నా 'సగటు' సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నవ్వారు.

"ఏమండీ, మీరు ఇంగ్లీషు చదివినారే! సముద్రం మీద ఆ మాటకు అది అర్థం కాదు గదా. యావరేజ్ అంటే నష్టం. జనరల్ అంటే అందరిదీ. ఉమ్మడి నష్టమనుకోండి."

తరువాత జరిగినదంతా వివరించారు. గాలి దెబ్బకు ఓడ అడుగు పలకల సందు విచ్చుకున్నది. పంపు తోడేదానికంటే లోపలికి వచ్చే నీరు ఎక్కువైంది. ఓడను తేలిక చేయక తప్పదని తండేలు పైతట్టు మీది ఉల్లిపాయలను, ఇంచుమించు ఇరవై టన్నులను, సముద్రంలోకి తోయించాడు. ఓడ నిలిచింది. అందులోని మనుషులు, మా మిర్చితో సహా మిగిలిన సరుకు మాలే చేరాయి.

"ఓడ మునిగితే అందరికీ పోయేది గదా? ఒకని సరుకు పారేసినందువల్ల అందరిదీ బతికె. అప్పుడు ఆ నష్టం ఒకనిదేనా?" అని అడిగారాయన.

లెక్క కూడా వేసి చూపించారు. ఓడ విలువ, పారేసిన ఉల్లితో సహా సరుకు విలువ, అంతా వెరసి కోటి రూపాయలు. పోయినది ఐదు లక్షలు. అంటే నూటికి ఐదు. మా మిర్చి నాలుగు లక్షలది కనుక మా వంతు ఇరవై వేలు. ఓడ యజమానీ తన వంతు ఇవ్వాలి. ఉల్లి వ్యాపారి సైతం తన వంతు పాతికవేలు భరించి, మిగిలిన 4,75,000 తీసుకుంటాడు. అతనికి లాభమూ లేదు, ఇతరులకంటే ఎక్కువ నష్టమూ లేదు. రేవు వాడుకకు విరుద్ధంగా పైతట్టు మీద వేసిన సరుకుకు మాత్రం ఈ న్యాయం వర్తించదు. బీమా చేసుకున్న వ్యాపారులకైతే వారి వంతు బీమా కంపెనీయే కడుతుంది. మా బావగారు చేయించలేదు.

ఈ ధర్మం నిన్న మొన్నటిది కాదు. రోడ్స్ దీవివారి నావిక న్యాయంగా దీనిని రోమనులు స్వీకరించారు. 533లో వెలువడిన జస్టినియన్ చక్రవర్తి న్యాయసంకలనంలో ఇది ఉంది. నేటి వ్యాపార ప్రపంచం అనుసరించే యార్క్-ఆంట్‌వెర్ప్ నియమాలు పందొమ్మిదో శతాబ్దంలో రూపొందాయి. మన 1963 నాటి సముద్ర బీమా చట్టంలో 66వ సెక్షను దీనికే కేటాయించారు. 2021 మార్చిలో 'ఎవర్ గివెన్' అనే మహానౌక సూయజ్ కాలువకు అడ్డంపడినప్పుడు, అందులోని వేలాది పెట్టెల సొంతదార్లకు వెళ్ళిన కబురు కూడా ఇదే మాట. 'మర్చంట్ ఆఫ్ వెనిస్' నాటకాన్ని పరీక్షకోసం కంఠస్థం చేసిన నేను, సముద్ర వర్తకుల ఈ మొదటి పాఠాన్ని నలభై దాటాక ఒక గుమాస్తా వద్ద నేర్చుకున్నాను.

మధ్యాహ్నం ఆ ఉల్లి వ్యాపారిని టీ కొట్టు దగ్గర చూశాను. యాభై ఏళ్ళ బక్కపలుచని మనిషి. నాకు తమిళం అంతంతమాత్రం. అనువాదకుడికి గుమాస్తాగారే అనువాదకులయ్యారు. అప్పు తెచ్చి కొన్న సరుకట. అందరూ తమ వంతు ఇస్తేనే అతడు మళ్ళీ బస్తా కొనగలడు. "గుంటూరువారు ఇవ్వమన్నారట, నిజమేనా?" అని మాత్రం అడిగాడు. తప్పు బావగారిది కాదు, మాట తప్పు చెప్పినవాణ్ణి నేనేనని ఒప్పుకున్నాను. అతడు మరో టీ చెప్పాడు.

సాయంత్రం రేవునుంచి తిరిగి వస్తూ వ.ఉ. చిదంబరం పిళ్ళైగారిని తలచుకున్నాను. 1906లో ఈ ఊరిలోనే ఆయన ఇంగ్లీషువారి ఓడలకు పోటీగా స్వదేశీ నావికా సంఘం స్థాపించి, కొలంబోకు ఓడలు నడిపించారు. దాని మూలధనం 25 రూపాయల చొప్పున వాటాలుగా జనంనుంచి పోగుచేసినది. ఆ సంఘం నిలవలేదు, ఆయన చెరసాల పాలయ్యారు. 2011నుంచి ఇక్కడి పెద్ద రేవు ఆయన పేరుతోనే ఉన్నది. ఈ ఊరికి ఉమ్మడి ఓడ కొత్తది కాదు.

ఆ రాత్రి నిఘంటువు తిరగవేశాను. 'యావరేజ్' మూలం 'అవార్' అనే అరబ్బీ మాట అంటారు; చెడిన సరుకు అని అర్థం. ఇటలీ, ఫ్రాన్సు రేవుల మీదుగా అది ఇంగ్లీషుకు చేరింది. సముద్రంలో పోయినదాన్ని అందరూ సమంగా పంచుకునే ఆచారంనుంచే లెక్కల్లోని 'సగటు' అనే అర్థం తరువాత పుట్టింది.

బావగారికి ఫోనులో అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఇరవై వేలు రేపే పంపిస్తాను," అన్నారు చివరికి. "ఆ ఉల్లి ఆయన మళ్ళీ సరుకు వేస్తున్నాడా?"

"డబ్బు అందితే వేస్తాడట."

"అయితే ఈసారి మన టిక్కీలు కూడా ఆ ఓడలోనే వేయించు. బీమా మాత్రం మరచిపోకు."