శిక్ష కన్నా బిందె మేలు

స్కౌట్ క్యాంపులో అల్లరి పిల్లాడు ఒక్కడైనా ఉంటాడు. గుడారం తాళ్లు విప్పేస్తాడు, విజిల్ వేసినా వరసలోకి రాడు. 'ఇంటికి పంపేస్తే పోలా' అనిపిస్తుంది పెద్దలకి. కానీ క్యాంపు అవసరం ఎక్కువగా ఉన్నది వాడికే!

1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పోవెల్ తొలి క్యాంపు పెట్టినప్పుడు, కలిగినవాళ్ల పిల్లల్నీ కార్మికుల పిల్లల్నీ కలిపి నాలుగు జట్లు చేశాడు. ఒక్కో జట్టుకీ ఓ కుర్రాడే నాయకుడు. మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లోనూ అదే పద్ధతి. జట్టులో ఒకడు నీళ్లు తేకపోతే అందరి వంటా ఆగుతుంది. మాస్టారి కేకకి బెదరనివాడు కూడా, ఆకలితో చూస్తున్న స్నేహితుల కోసం బిందె అందుకుంటాడు.

చిన్నవాళ్లను కొట్టి ఏడిపిస్తే మాత్రం జట్టుకి వదిలేయకూడదు, పెద్దలే వెంటనే అడ్డుపడాలి. అప్పుడైనా నలుగురిలో తిట్టకుండా, పక్కకు పిలిచి అడగాలి. అవమానంతో వచ్చేది క్రమశిక్షణ కాదు, మొండితనం.