తిరగని బండికీ వయసు వస్తుంది

యంత్రాల నడుమ జీవితం గడిపే మన సంస్థ ఉద్యోగులకు నిర్వహణ అనే మాట కొత్తది కాదు. ఏ పంపు ఎన్ని గంటలు నడిచింది, ఏ మోటారుకు గ్రీజు ఎప్పుడు పెట్టారు అనే లెక్కలు మన లాగ్ పుస్తకాలలో పొల్లుపోకుండా ఉంటాయి. నడవని పంపును కూడా మనం మరువము. స్టాండ్‌బైలో ఉన్న పంపు షాఫ్టును అప్పుడప్పుడు చేతితో తిప్పి వదలడం మన పెద్దలు నేర్పిన ఆచారం. నెలల తరబడి ఒకేచోట నిలిచిపోయిన బేరింగు, రోజూ తిరిగే బేరింగు కంటె ముందే చెడవచ్చునని మనకు తెలుసు. కాని సాయంత్రం ఇంటికి చేరి, గుమ్మం ముందు నిలిచిన సొంత వాహనాన్ని చూసినప్పుడు ఈ జ్ఞానం ఎందుకో మన వెంట రాదు. "మా బండి అయిదేళ్ళలో ఇరవై వేలు కూడా తిరగలేదండీ, కొత్తదాని కిందే లెక్క" అని గర్వంగా చెప్పుకునే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వారిని ఉద్దేశించియే ఈ నాలుగు మాటలు.

నేను పుదుచ్చేరికి బదిలీపై వచ్చి నెల్లితోపులో కాపురం ఉంటున్నాను. తమిళంలో నెల్లి అంటే ఉసిరి. తోపు మనకూ తోపే. ఇప్పుడు ఉసిరి చెట్టు వెదికినా కానరాదు గాని ఇరుకు వీధులు, మార్కెట్టు, పాత చర్చి, వాటి మధ్య ద్విచక్ర వాహనాల రద్దీ మాత్రం పుష్కలం. కార్యాలయం మూడు కిలోమీటర్లు. మార్కెట్టుకు నడిచి పోవచ్చును. మా అమ్మగారిని చూపించే జిప్‌మర్ ఆసుపత్రి నాలుగైదు కిలోమీటర్లు. సముద్రం కూడా అంతకంటె దగ్గరే. ఇటువంటి ఊరిలో కారు ఇంజను సరిగా వేడెక్కే లోపలే గమ్యం వచ్చేస్తుంది. మా బండి ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ.

అది 2013లో తయారైన కాంపాక్ట్ ఎస్‌యూవీ. డీజిలు బండి. 2006 నాటి కేంద్ర బడ్జెట్టులో, పొడవు నాలుగు మీటర్లకు మించకుండా, పెట్రోలైతే 1200 సి.సి., డీజిలైతే 1500 సి.సి. లోపు ఇంజను గల కార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించారు. ఆ కొలతలో ఇమిడేలా తరువాతి సంవత్సరాలలో పుట్టిన పొట్టి, ఎత్తు బండ్లలో మాది ఒకటి. 2021లో, ఎనిమిదేళ్ళ వయసులో, నలభై వేల కిలోమీటర్లు తిరిగిన దానిని కొన్నాను. ఇంతకూ కొన్న కారణం సుంకమూ కాదు, షోకూ కాదు. మా అమ్మగారి మోకాళ్ళు. మామూలు కారులోకి ఆమె దిగబడి కూర్చోవాలి, లేచేటప్పుడు ఇద్దరు పట్టాలి. జీపు వంటి వాటికి మెట్టు ఎక్కాలి. దీని సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తున ఉంటుంది. వెనుదిరిగి నిలబడి, అలాగే చతికిలబడి, కాళ్ళు లోపలికి తిప్పుకుంటారు. ఆమెకు ఎనభై రెండేళ్ళు నిండాయి. మరొకరి చేయి పట్టుకోకుండా ఆమె ఎక్కగలిగిన వాహనం ఇదొక్కటే.

కొన్న మొదటి ఆదివారమే టైర్లు చూశాను. గాడి లోతు బాగానే ఉంది. టైరు పక్కగోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. మా బండి టైర్లపై 2113 అని ఉంది. అనగా 2013లో ఇరవై ఒకటవ వారం. వేలితో నొక్కి చూడగా పక్కగోడలో వెంట్రుకల వంటి పగుళ్ళు. రబ్బరు ఎండకూ గాలికీ ఎండిపోతుంది, తిరిగినా తిరగకపోయినా. వెనుక తలుపుకు వేలాడే స్టెప్నీతో సహా అయిదూ మార్పించాను. (స్టెప్నీ అనే ఈ మాట వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణపు స్టెప్నీ వీధి నుండి వచ్చింది. 1904లో అక్కడి డేవీస్ సోదరులు అదనపు చక్రాన్ని తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరు మన పంక్చరు షాపులలో నేటికీ వినబడుతోంది.) వెనుక తలుపుకు స్టెప్నీ ఉన్న బండ్లలో ఆ బరువుకు కీళ్ళు క్రమంగా వదులై తలుపు కిందికి జారుతుంది. మూసేటప్పుడు కాస్త ఎత్తి మూయవలసి వస్తోందంటే కీళ్ళు బిగించవలసిన సమయం వచ్చినట్లే.

ఆనాటి నుండి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. అందులో కిలోమీటర్ల పట్టీ పక్కనే తేదీల పట్టీ గీశాను. నిజానికి మొదటి దానితో నాకు పని పడింది తక్కువ.

బ్రేకు ద్రవం సంగతి చూడండి. అది గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం గలది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగకూడదని ప్రమాణం. సుమారు 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. గట్టిగా, పదేపదే బ్రేకు వేసిన వేళ ఆ నీరు ఆవిరైతే పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. పుదుచ్చేరి వంటి తేమ ఊరిలో ఈ ద్రవాన్ని రెండేళ్ళకొకసారి మార్పించడం మంచిది. మీటరు వంక చూస్తే ఇది ఎన్నటికీ గుర్తుకు రాదు. ఇంజను ఆయిలు కూడా అంతే. పది వేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది అని పుస్తకంలో ఉంటుంది. మనం మొదటి సగమే చదువుతాము. పొట్టి ప్రయాణాలలో ఇంజను చాలినంత వేడెక్కదు గనుక లోపల చేరిన తేమ ఆవిరై పోదు, ఆయిలులోనే మిగులుతుంది. కూలెంటు తుప్పును ఆపే గుణాన్ని ఏళ్ళు గడిచే కొద్దీ కోల్పోతుంది. రంగు బాగుంది కదా అని ఊరుకుంటే రేడియేటరు లోపలి నుండి తినివేయబడుతుంది.

బ్యాటరీకి తిరగకపోవడమే ప్రధాన శత్రువు. ఒక్కసారి స్టార్టు చేయడానికి ఖర్చయిన శక్తిని మూడు కిలోమీటర్లలో, ఏసీ కూడా నడుస్తుండగా, తిరిగి నింపడం కష్టం. చిన్న మీటరు ఒకటి కొని ఉదయాన్నే బండి తీయక ముందు కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్లు. 12.4కు దిగువనే తరచు ఉంటే ఆయుష్షు తరిగిపోతున్నట్లు.

ఉప్పు గాలి చేసే పనిని వేరుగా చెప్పాలి. అది పైకి మెరిసే రంగును ముట్టదు. తలుపుల అడుగున నీరు పోవడానికి ఉండే చిన్న రంధ్రాలు మట్టితో పూడుకుపోతే, తలుపు లోపలి నుండి తుప్పు పడుతుంది. బ్రేకు కాలిపర్లు జరిగే పిన్నులు బిగుసుకుపోయి, ఒక వైపు ప్యాడు అరిగి రెండవది కొత్తగానే ఉంటుంది. ఏసీ కండెన్సరు రేకులు పొడిపొడిగా రాలుతాయి. దీనికి ఖరీదైన పూతల కంటె, పదిహేను రోజులకొకసారి మంచినీటితో బండి అడుగు భాగం కడగడం మేలని నా అనుభవం. మార్కెట్టు దగ్గర కాపురం గనుక వైర్లు కొరికే ఎలుకల బాధ కూడా ఉంది. దానికి మాత్రం నాకు శాశ్వత పరిష్కారం దొరకలేదు.

మా వీధి చివర షెడ్డులో పనిచేసే మెకానిక్ పెద్దాయన అరవై దాటిన తమిళుడు. "సార్, దీనిని ఆదివారం ఒకసారి దిండివనం దాకా తోలుకు పోయి రండి" అని మొదటి పరిచయంలోనే చెప్పాడు. నలభై కిలోమీటర్లు సమవేగంతో పోతే డీజిలు ఇంజనులో, ముఖ్యంగా ఇ.జి.ఆర్. వాల్వులో, మసి తక్కువగా పేరుకుంటుందని ఆయన వాదం. శాస్త్రం కూడా ఆయన పక్షానే ఉంది. నెలకు రెండుసార్లయినా ఆ వైద్యం చేయిస్తున్నాను. మా శ్రీమతి దీనిని "బండికి వాకింగ్" అంటుంది.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి, కదలకుండా గంటల తరబడి నిలిచిపోయింది. ఇరవై నాలుగు గంటలలో 45 సెంటీమీటర్లకు మించిన వర్షం కురిసింది. తెల్లవారేసరికి మా వీధిలో నీరు బండి తలుపుల అంచుకు వచ్చింది. మెకానిక్ పెద్దాయనకు ఫోను చేస్తే ఆయన చెప్పింది ఒకే మాట. "తాళం తిప్పవద్దు సార్." గాలి నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. సిలిండరులోకి నీరు చేరి ఉన్నప్పుడు స్టార్టు చేస్తే పిస్టను పైకి పోలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వరద నష్టాన్ని సమగ్ర బీమా సాధారణంగా భరిస్తుంది గాని, మునిగిన బండిని స్టార్టు చేయడం వల్ల ఇంజను పాడైతే, ఇంజనుకు వేరే రక్షణ తీసుకోని వారికి ఆ పరిహారం దొరకడం కష్టం. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మళ్ళీ ఇంట్లోకి వచ్చాను.

అసలు చిక్కు అది కాదు. మా నాన్నగారి ఆబ్దికం పుష్య బహుళ పంచమి. అంటే సంక్రాంతి దాటిన నాలుగైదు రోజులకే. యానాంలో మా అన్నయ్య ఇంట పెడతాము. యానాం కూడా ఇదే కేంద్రపాలిత ప్రాంతం. దూరం మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైమాటే. రైలు మెట్లు అమ్మగారు ఎక్కలేరు. నెలన్నర వ్యవధిలో, నీట నానిన పదకొండేళ్ళ బండిని ఆమెను కూర్చోబెట్టి అంత దూరం నడిపేందుకు సిద్ధం చేయాలి. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి దానిని వచ్చిన ధరకు ఇచ్చివేయమన్నాడు. "కొత్తది చూద్దాం నాన్నా, నానమ్మతో అంత దూరం ప్రయాణం, ప్రమాదం" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. అమ్మగారు మాత్రం "ఏరా, కొత్తదానికి పీట ఇంతే ఎత్తుంటుందా?" అని ఒక్కటే అడిగారు.

మూడవనాడు బండిని షెడ్డుకు లాగించాము. గాలి ఫిల్టరు పొడిగా ఉంది. ఆయిలు పాలవలె మారలేదు. ఇంజను బ్రతికినట్లే. గేరు పెట్టెలోని ఆయిలు మాత్రం తెల్లబారింది, మార్చాము. స్టార్టరు మోటారు విప్పి ఆరబెట్టాము. అందరూ మరిచేది లోపలి తివాచీ. పైన ఆరినా దాని కింది స్పాంజి వారాల తరబడి నీరు పట్టి ఉంచి నేల రేకును తినివేస్తుంది. సీట్లు విప్పి, మొత్తం తీసి, డాబా మీద ఎండ కాసిన రోజల్లా పరిచాము.

ముందు కవరు విప్పినప్పుడు పెద్దాయన నన్ను పిలిచి టైమింగ్ బెల్టును వంచి చూపాడు. పళ్ళ మొదళ్ళలో సన్నని గీతలు. అప్పటికి బండి తిరిగింది యాభై ఆరు వేలు. కిలోమీటర్ల లెక్కన బెల్టుకు ఇంకా ఎంతో ఆయుష్షు ఉంది. కాని అది 2013 నాటి రబ్బరు. వాల్వులూ పిస్టన్లూ ఒకదానికొకటి తగలకుండా వేళ తప్పక నడిపించేది ఆ బెల్టే. హైవే మీద అది తెగితే ఇంజను ఆ క్షణంలో ఆగిపోతుంది, వాల్వులు వంగుతాయి. (కొన్ని ఇంజన్లలో బెల్టుకు బదులు గొలుసు ఉంటుంది. మీ బండికి ఏది ఉందో తెలిసికొని ఉండండి.) బెల్టు, టెన్షనరు, దానితోనే తిరిగే వాటరు పంపు ఒకేసారి మార్పించాను. విప్పే కూలి ఒకటే గనుక విడివిడిగా చేయించడం దండుగ. ఖర్చు విని మా శ్రీమతి "ఏమండీ, తెగలేదు కదా" అంది. పాత బెల్టును ఇంటికి తెచ్చి ఆమె చేతికిచ్చాను. వంచి చూసి ఇంకేమీ అనలేదు.

సంక్రాంతి మరునాడు బయలుదేరి, ఒంగోలులో రాత్రి ఆగి, రెండవనాటి సాయంత్రానికి యానాం చేరాము. రాజమండ్రి దాటిన తరువాత ముందు ఎడమ చక్రం వద్ద గతుకు గతుకుకూ టకటక శబ్దం వచ్చింది. స్టెబిలైజరు లింకు. దానికీ రబ్బరే మూలం. దానితో బండి ఆగేది లేదు గనుక నెమ్మదిగా పోయి, మరునాడు కాకినాడలో గంట పనితో సరిచేయించాను. ఆబ్దికం నాడు అమ్మగారు గౌతమి ఒడ్డు దాకా కారులో వచ్చి, ఎవరి సాయం లేకుండా దిగి, అన్నయ్య పిండాలు కలిపే వరకు కర్ర ఆనుకొని నిలబడ్డారు.

2028లో బండికి పదిహేనేళ్ళు నిండుతాయి. అప్పుడు తనిఖీ చేయించి, రిజిస్ట్రేషన్ మరి అయిదేళ్ళకు పునరుద్ధరించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల స్థానే 5000 అయింది. నోటు పుస్తకంలో ఆ తేదీ కూడా వ్రాసి ఉంచాను. ఈ మధ్య చూస్తే అదే పుటలో, కూలెంటుకూ బ్యాటరీకీ మధ్య, మా శ్రీమతి దస్తూరీతో "అత్తయ్యగారి కంటి పరీక్ష" అని ఒక వరుస చేరి ఉంది.