రివర్సు ఎక్కడరా?

ఎం.టెక్. ప్రాజెక్టుకు బైకు ఇంజను బిగించాలని తేలికపాటి పాత కారు వెతికాం. మారుతి 800 దాదాపు 650 కిలోలు, నానో 600. పైగా నానోకు ఇంజను వెనకే, తిప్పేదీ వెనక చక్రాలనే. పొట్టి చైను సరిపోతుంది. అందరం నానో అనుకున్నాం.

సెలవుల్లో బొమ్మ నాన్నకు చూపించాను. నాన్న ఆటో డ్రైవరు, చదువు లేదు. చాలాసేపు చూసి, "రివర్సు ఎక్కడరా?" అన్నాడు.

బైకు ఇంజనుకు రివర్సు గేరు ఉండదు! నాకు తెలియక కాదు తమ్ముళ్ళూ, తట్టలేదు.

"అంత బరువు లాగితే క్లచ్ కాలిపోదా?" అని ఇంకో ప్రశ్న. డ్యూక్ 390కి 43 హార్స్‌పవరని మురిశానే గానీ, టార్కు నానో సొంత ఇంజనుకే ఎక్కువ.

కాలేజీ ఆవరణలో తిప్పడానికే కదా, రోడ్డెక్కితే చట్టం ఒప్పుకోదు. అయినా వెనక్కి రావాలిగా! ఆటో రివర్సు పెట్టె పనికొస్తుందేమోనని నాన్నా నేనూ షెడ్లు తిరుగుతున్నాం.